మూడు చక్రాల మీద అన్నం

రుమైథియా అనే పేటలో ఒక అరబ్బు ఇంట్లో నేను చూసుకున్న ముసలాయన మొదటి రోజే నన్ను గిల్లాడు. పక్షవాతంతో ఎడమ పక్క మొత్తం పడిపోయింది, మాట పోయింది, కుడి చెయ్యి మాత్రం ఉక్కులా మిగిలింది. దుప్పటి సర్దుతుంటే నా మోచేతి పైన కండ దొరకబుచ్చుకుని మెలిపెట్టాడు. కమిలిన మచ్చ మామాకి చూపిస్తే, "అయితే నువ్వు నచ్చావన్నమాట. నచ్చని వాళ్ళ మీద ఉమ్ముతాడు," అంది. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు, ముసలాయనకి పెద్ద కోడలు. ఇక్కడ ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళం యజమానురాలిని మామా అనే పిలుస్తాం, ఆవిడ వయసులో మనకంటే చిన్నదైనా సరే. ముసలాయన్ని బాబా అనేదాన్ని.

ఆ వారంలోనే బాబా నా మీద ఉమ్మాడు కూడా. అంటే నచ్చడం, నచ్చకపోవడం రెండూ అయిపోయాయి.

నేను కోనసీమ మనిషిని. మాకు తిట్టడానికి కూడా అండీ కావాలి. అందుకని ఆయన్ని మర్యాద తప్పకుండా తిట్టేదాన్ని. జోల పాడే గొంతుతో, నవ్వు మొహం పెట్టి, "తినండి బాబా, మీ నోట్లో మన్ను పడ, తినండి. ఆ చెయ్యి కూడా ఎప్పుడు పడిపోద్దో, నాకెప్పుడు సుఖమో. ఆయ్, ఇంకొక్కటి," అనేదాన్ని. ఆయనకి తెలుగు రాదు. ఒకసారి మామా గుమ్మంలో నిలబడి విని, మీ భాష ఎంత తియ్యగా ఉందో అని మెచ్చుకుంది. నేను సిగ్గుపడినట్టు తల వంచుకున్నాను.

గొంతు ఎంత తియ్యగా ఉన్నా గదిలో మాత్రం ఆయన నోరు తెరిచేవాడు కాదు. మంచం మీద పెడితే మూతి బిగించేవాడు. చక్రాల కుర్చీలో పెడితే గిన్నెని చేత్తో ఎగరగొట్టేవాడు. గోడకి అంటుకున్న మెతుకులు నేనే గీకాలి. ఆయన చిక్కిపోతున్న కొద్దీ మామా మొహం మాడ్చుకునేది, ముసలాయన మీద దిగులుతో కాదు, వచ్చే చుట్టాలు ఏమనుకుంటారోనని. ఒకరోజు నన్ను పిలిచి సూటిగా చెప్పింది. తినకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తారు, గొట్టంలో పొయ్యడానికి నర్సు వస్తుంది, నర్సు వచ్చాక నీతో పనేముంది, మక్తబ్‌కి పంపేస్తాను అంది. మక్తబ్ అంటే మమ్మల్ని తెప్పించే ఏజెన్సీ ఆఫీసు. నేను అక్కడ ఒకసారి ఉండి వచ్చాను. ఒక గదిలో అందరినీ కూర్చోబెడతారు. ఎవరో వచ్చి పళ్ళు, చేతులు చూసి, వంట వచ్చా అని అడిగి, తీసుకెళతారు, లేదా వదిలేస్తారు. మళ్ళీ ఆ గదిలో కూర్చోవడం కంటే ముసలాయనతో ఉమ్మించుకోవడమే నయం అనుకున్నాను. ఆయన నోరు తెరిస్తే నేనుంటాను, తెరవకపోతే పోతాను. అంతే లెక్క.

ఆ నోరు తెరిపించింది నేను కాదు, ఒక పాత బండి.

కారు షెడ్డు చివర టార్పాలిన్ కింద ఉండేది. మూడు చక్రాల బండి, ఆటో లాంటిది కాదు. మోటార్ సైకిల్ లాగే సీటు మీద కాళ్ళు చెరో పక్కకీ వేసి కూర్చోవాలి. ముందు ఒకటి, వెనక రెండు, గాలి దిండ్లలాంటి లావు టైర్లు. ఇసుకలో కూరుకుపోకుండా అలా చేశారట. బాబా వయసులో ఉన్నప్పుడు కొన్నది. చలికాలం ఎడారిలో గుడారాలు వేసినప్పుడు దీని మీదే తిరిగేవాడట. హాల్లో ఫోటో ఉంది, దాని మీద కాలు మీద కాలేసుకుని, వెనక బతికున్న గొర్రెని కట్టేసి, కెమెరా వాడిని తన్నబోతున్నట్టు చూస్తూ. ఆ చూపు పక్షవాతం తర్వాత కూడా పోలేదు.

ఒకరోజు దుమ్ము గాలికి టార్పాలిన్ ఎగిరిపోయింది. సాయంత్రం నేను కుర్చీ తోసుకుంటూ షెడ్డు పక్క నుంచి పోతుంటే ఆయన చెయ్యి చాచి బండి హ్యాండిల్ పట్టుకున్నాడు. ఇక వదలడు. వేళ్ళు విడదీయబోతే కొరకబోయాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంటి డ్రైవర్ మలయాళీ ఒకాయన ఉన్నాడు, ఆయన్ని కేకేసి, "పట్టండి, ఎక్కించేద్దాం, సరదా తీరిపోద్ది," అన్నాను. ఇద్దరం ఎత్తి సీటు మీద పడేసినంత పని చేశాం. బాబా కుడి చేత్తో ఎక్సలేటర్ పట్టుకుని ఒక్క మెలి తిప్పాడు. నా మోచేతి పైన పెట్టిన మెలి అదేనని అప్పుడు తెలిసింది. తర్వాత నా వైపు తిరిగి నోరు తెరిచాడు.

అప్పటి నుంచి ఎండ తగ్గగానే మా ఇద్దరి పని అదే. డ్రైవర్, నేను ఆయన్ని ఎక్కిస్తాం. డ్రైవర్ వెళ్ళిపోతాడు. నేను ఎడమ పక్క నిలబడతాను. ఆస్పత్రిలో నర్సు నాకు నేర్పింది, పడిపోయిన పక్కే నిలబడాలి, నీ ఒళ్ళే ఆయనకి గోడ అని. నా నడుము ఆయన పక్కటెముకలకి ఆనించి, చెంచా చుట్టూ తిప్పి కుడి దవడలో పెట్టేదాన్ని, ఎడమ దవడకి అన్నం ఉందో లేదో తెలియదు కాబట్టి. అందుకని అన్నం ఎప్పుడూ ఆయనకి ఎడమ పక్క నుంచే వచ్చేది. ఆకలేస్తే ఎడమ పక్కకే తిరిగేవాడు. బండి మూడు కాళ్ళ పీటలా కదలకుండా నిలబడేది. వేసవిలో హ్యాండిల్ కాలిపోతుంటే తడి గుడ్డ చుట్టేదాన్ని. దాన్ని పీకి నా మొహాన కొట్టేవాడు, మళ్ళీ చుట్టేదాన్ని.

డాక్టర్ ఉప్పు వద్దన్నాడు. ఉప్పు లేని అన్నం, ఉప్పు లేని చేప, అన్నీ కలిపి మెత్తగా రుబ్బి పెట్టమన్నాడు. అది నేను నాలిక మీద వేసుకుని చూశాను. కుక్క కూడా ముట్టదు. నా పెట్టెలో ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ సీసా ఉంది. ముక్క వెయ్యకుండా, ఊట మాత్రం చెంచా కొసకి ముంచి కలిపాను. ఆ రోజు బాబా గిన్నె నాకినంత పని చేశాడు. తర్వాత రోజూ కాదు, మొండికేసిన రోజు మాత్రం కలిపేదాన్ని. వాసన తగలగానే ముక్కు ఎగబీల్చి ఎడమ పక్కకి వంగి వచ్చేవాడు. నా నడుము మీద ఆ బరువు పడగానే ఇవాళ తింటాడని తెలిసిపోయేది. నాకు ఆయనంటే ప్రేమ లేదు. కానీ ఆ బరువు పడితే మనసు కుదుటపడేది, ఆ మాట అబద్ధం కాదు.

బండిని నాశనం చేసింది మామా కొడుకు. ఇరవై దాటిన కుర్రాడు, చేతిలోంచి ఫోన్ దిగదు. పాత మూడు చక్రాల బళ్ళని కోసి లావు టైర్ల రెండు చక్రాల మోటార్ సైకిళ్ళు చేస్తున్న వీడియోలు ఎక్కడో చూశాడు. చలికాలం గుడారాలు వేసేలోగా తనకీ ఒకటి కావాలి. షెడ్డులో బండి చుట్టూ తిరిగి, "మూడు చక్రాలు చిన్నపిల్లలకి, రెండు చక్రాలు మగాళ్ళకి," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వాళ్ళ తాత ఆ మూడు చక్రాల మీదే కూర్చుని నోట్లో అన్నం నములుతున్నాడు.

నేను మామా దగ్గరికి పోయాను. నాకొచ్చిన అరబీలోనే, బండి మీద కూర్చోకపోతే బాబా తినడని చెప్పాను. "అది వాళ్ళ తాత బండి, వాడికి కాక ఎవరికి?" అంది. తినకపోతే ఎలా అన్నాను. "తినిపించడం నీ పని కదా. బండి తినిపిస్తుంటే నువ్వెందుకు?" అంది. ఆవిడ గోళ్ళకి రంగు ఆరబెట్టుకుంటోంది, నా వైపు చూడనైనా లేదు.

శుక్రవారం నాడు మెకానిక్ వచ్చాడు. షువైఖ్ గ్యారేజీలో వెల్డింగ్ చేస్తాడట. సెలవు రోజు కాబట్టి ఇంటికి పిలిపించాడు మనవడు, మొదటి నుంచి చివరి దాకా వీడియో తీసుకోవాలని. వాకిట్లో పనిముట్లు పరుస్తూ ఆ మనిషి తనలో తాను తెలుగులో గొణుక్కుంటున్నాడు. నాకు దేవుడు కనబడినట్టయింది. చాయ్ పట్టుకుపోయాను.

"తమ్ముడూ, మీదే ఊరండీ?"

"రాయచోటి పక్కన పల్లె అక్కా. మీరు గోదావరోళ్ళ మాదిరుండారే."

"ఆయ్, కోనసీమండి. మీకు దణ్ణం పెడతాను, ఈ బండి కొయ్యకుండా ఏదో వంక చెప్పండి. ఇంజను చచ్చిపోయిందనండి, తుప్పట్టిందనండి, ఏదో ఒకటి. ముసలాయన దీని మీద కూకుంటేనే తింటాడు. తినాపోతే నన్ను మక్తబ్‌కి తోలేత్తారు."

ఆయన చాయ్ చప్పరించి బండి వైపు చూశాడు. "ఇంజను బంగారం మాదిరుండాది గదక్కా. ఒక్క కిక్కుకే లేస్తాది. నేను పనికిరాదంటే ఇంగొగన్ని పిలుచ్చుకుంటాడు. వాడు కోస్తాడు, నాకు వీసా ఇచ్చిన కఫీల్ నన్ను కోస్తాడు. ఆయప్పా, ఈళ్ళ నాయినా రోజూ రాత్రి ఒగే దివానియాలో కూచోని మాట్లాడుకుంటారు."

అయినా ఆయన చెడ్డవాడేం కాదు. ఏం చెయ్యబోతున్నాడో నాకు ఓపిగ్గా చెప్పాడు. వెనక రెండు చక్రాలూ, వాటి మధ్య ఇరుసూ ఊడదీసేస్తాడు. వెనక చాసిస్ కోసి, కొత్తగా ఇనప చేతులు రెండు వెల్డింగ్ చేసి, వాటి మధ్యలో ఒక్క టైరే బిగిస్తాడు. టైరు లావు కాబట్టి చైను రుద్దుకుంటుంది, దాన్ని పక్కకి జరపాలి. నిలబెట్టడానికి ఎడమ పక్క ఒక స్టాండ్. స్టాండ్ మాట వినగానే అతన్ని ఆపాను.

"స్టాండేత్తే బండి ఎటు వాలుతుందండీ?"

"ఎడం పక్కకే గదక్కా. యా బండైనా అంతే."

"ఆయన పడిపోయిందీ ఎడం పక్కేనండి. కుడేపు పెట్టండి తమ్ముడూ. కోత్తే కోశారు, అదొక్కటీ కుడేపు పెట్టండి."

బండి కిందికి వంగి చూశాడు. పెట్టచ్చు, పెద్ద పనేం కాదు, అడిగి చూస్తానన్నాడు. అడిగాడు కూడా. మనవడు పడీ పడీ నవ్వాడు. కుడి పక్క స్టాండ్ ఎక్కడైనా చూశావా, నా ఫ్రెండ్స్ ముందు పరువు పోతుంది అన్నాడు. మెకానిక్ నా వైపు చూసి భుజాలు ఎగరేశాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. తాత ఎదురుగా ఉంటే వీడియో బాగుంటుందని మనవడికి తోచింది. నేనే కుర్చీ తోసుకొచ్చి వాకిట్లో పెట్టాల్సి వచ్చింది. తాత తలకి శుభ్రమైన తెల్ల గుడ్డ చుట్టమన్నారు, చుట్టాను. గ్రైండర్ ఆన్ చేసి మెకానిక్ వెనక చాసిస్ మీద పెట్టగానే నిప్పురవ్వలు లేచాయి. బాబాకి మిగిలిన మాటలు రెండే, యల్లా, లా. పద అనడానికి ఒకటి, వద్దు అనడానికి ఒకటి. "లా!" అని అరిచాడు. గ్రైండర్ చప్పుడులో కలిసిపోయింది. మళ్ళీ అరిచాడు. మనవడి స్నేహితులు ఫోన్లు ఆయన వైపు తిప్పి నవ్వసాగారు. చొంగ కారుతుంటే ఒకడు దగ్గరికి వచ్చి మరీ తీశాడు. మెకానిక్ గ్రైండర్ ఆపి మొహం తుడుచుకున్నాడు. "యల్లా," అన్నాడు మనవడు. మళ్ళీ మొదలైంది. ఇరుసు ఊడి కింద పడ్డప్పుడు బాబా లుంగీ తడిసిపోయింది. లోపలికి తీసుకుపోయి మార్చబోతే నన్ను చెంప మీద కొట్టాడు. కొట్టాల్సిన వాళ్ళు బయట ఉన్నారు, చేతికి అందేది నేనొక్కదాన్నే. నేను కూడా పళ్ళు నూరుతూనే లుంగీ మార్చాను.

ఆ సాయంత్రం నుంచి బాబా తినలేదు.

చేతనైనవన్నీ చేశాను. చక్రాల కుర్చీని షెడ్డులోకి తీసుకుపోయి పెట్టాను. మిగిలిపోయిన టైరు గోడ వారన పడి ఉంటే దాని పక్కన కూర్చోబెట్టాను. ఆయన ఆ టైరు వైపు చూస్తూ ఉండేవాడు, నేను చెంచా పెడితే మూతి తిప్పుకునేవాడు. ఆవకాయ ఊట కలిపినా ముక్కు ఎగబీల్చాడు గానీ నోరు తెరవలేదు. ముక్కు మూస్తే నోరు తెరుస్తాడని మూశాను. తెరిచాడు, చెంచా పెట్టగానే పళ్ళ మధ్య బిగించి వదల్లేదు. "చావండి, చావండి మరి," అన్నాను, ఈసారి జోల పాడే గొంతుతో కాదు. ఆ గొంతు ఆయనకి అర్థమైంది. నా వైపు అదోలా చూసి కళ్ళు మూసుకున్నాడు. పాలు, నీళ్ళు ఏవో కొద్దిగా దిగేవి, అదీ నిద్రమత్తులో ఉన్నప్పుడు. చెంపలు లోపలికి పోయాయి. నేను ఎత్తినప్పుడు బరువు లేదు. మామా వచ్చి చూసి, వచ్చే శుక్రవారం తర్వాత ఆస్పత్రి, గొట్టం, నువ్వు బట్టలు సర్దుకో అంది.

ఆ శుక్రవారానికి బండి తయారైంది. నల్ల రంగు వేశారు. నిజం చెప్పొద్దూ, చూడ్డానికి బాగానే ఉంది. రెండు లావు టైర్ల మీద, వెడల్పు హ్యాండిల్‌తో, ఎడమ పక్కకి ఒరిగి నిలబడి ఉంది. మనవడి స్నేహితులు వాకిలి నిండా ఉన్నారు. మెకానిక్ చివరి సారి చైను సరిచూస్తున్నాడు. అప్పుడు మామాకే ఆలోచన వచ్చింది. పాత బండి మీద తింటే కొత్త బండి మీదా తింటాడు కదా, ఎక్కించండి అంది. మనవడు ఎగిరి గంతేశాడు. మొదటి సవారీ తాతది అన్నాడు.

"పడతాడు మామా. బండి వంగి ఉంది, ఆయనా ఆ పక్కకే వంగుతాడు," అన్నాను.

"నువ్వున్నావుగా పట్టుకోవడానికి," అంది.

సరే, నేనుంటే పట్టుకుంటాను. అది నిజమే. వంటింట్లోకి పోయి అన్నం కలిపాను. ఈసారి ఊట చెంచా కొసకి కాదు, దండిగా పోశాను. ఉప్పూ లేదు, గిప్పూ లేదు, తింటే చాలు. డ్రైవర్, మెకానిక్ ఆయన్ని ఎత్తి సీటు మీద కూర్చోబెట్టారు. నేను ఎడమ పక్క నిలబడి నడుము ఆనించాను. ఆయన కుడి చెయ్యి హ్యాండిల్ మీద వేసి తడుముకున్నాడు. కొత్తది, వెడల్పుది, అయినా ఎక్సలేటర్ దొరికింది. ఒక్క మెలి తిప్పాడు. కళ్ళు తెరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు కూడా ఏడుపొచ్చినంత పనైంది, తింటాడు, ఈ వెధవ బండి మీదైనా తింటాడు అనుకున్నాను.

మనవడు ఫోన్ ఎత్తి చూసి మొహం చిట్లించాడు. "నువ్వు జరుగు. పనిమనిషి కనబడితే బాగోదు."

"పడతాడు," అన్నాను.

"రెండు క్షణాలు. స్టాండ్ ఉంది కదా."

మెకానిక్ వెనక నుంచి సీటు పట్టుకుని ఉన్నాడు. అతన్ని కూడా జరగమన్నారు. అతను చేతులు తుడుచుకుంటూ వెనక్కి పోయాడు. నేను కదలకపోతే మామా నా జబ్బ పట్టుకుని లాగింది. నేను ఎడమ పక్కకే జరిగాను, గిన్నె ఒక చేతిలో, చెంచా ఒక చేతిలో. నా నడుము దగ్గర ఆయన పక్కటెముకల వెచ్చదనం ఇంకా ఉంది.

బాబా ముక్కు ఎగబీల్చాడు. ఊట వాసన తగిలింది. రోజుల తరబడి ఖాళీగా ఉన్న కడుపు. తల ఎడమ పక్కకి తిప్పి, నన్ను చూసి, చెంచా చూసి, నోరు తెరిచాడు. ఎప్పటిలాగే నా నడుము ఉంటుందనుకుని వంగాడు. అక్కడ నేను లేను. అడుగు వేసి చెయ్యి చాచేలోపు ఆయన నేల మీద ఉన్నాడు. తుంటి ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. గిన్నె ఎక్కడ పడిందో తెలియదు. బండి మాత్రం కదల్లేదు. రాయచోటి తమ్ముడు స్టాండ్ గట్టిగానే వేశాడు.

అంబులెన్స్ వెళ్ళాక మామా భర్త వచ్చాడు. ఆ మనిషి ఇంట్లో ఉన్నా లేనట్టే ఉండేవాడు, ఆ రోజు మాత్రం కేకలు పెట్టాడు. మా నాన్న ఎలా పడ్డాడు అన్నాడు. మామా నా వైపు వేలు చూపించింది. నన్ను జరగమన్నారండీ అని చెప్పాను. ఎవరు జరగమన్నారు, ఎవరూ అనలేదు అన్నాడు మనవడు, ఫోన్ వాళ్ళ నాన్న చేతికిచ్చాడు. ఆయన చూసి నాకు చూపించాడు. ముసలాయన ఉన్నాడు, బండి ఉంది, వెనక తెల్ల గోడ ఉంది. నేను లేను. చెంచా లేదు. జరుగు అన్న మాట కూడా లేదు, తీయడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. "చూడు. నిన్ను పెట్టుకుంది ఆయన్ని పట్టుకోవడానికి. ఎక్కడున్నావు నువ్వు?" అన్నాడు.

మెకానిక్‌ని అడగండి అన్నాను. వాకిట్లో పనిముట్లు సర్దుకుంటున్న అతన్ని పిలిచారు. చైను చూస్తున్నాను, నేనేం చూడలేదు అని అరబీలో చెప్పాడు. నా కళ్ళలోకి చూడలేదు. గేటు దగ్గర సంచి భుజాన వేసుకుంటుంటే పట్టుకున్నాను.

"నన్నేమనొద్దక్కా. నేనీడ ఉండే కాయితం, ఇఖామా, మా కఫీల్ చేతిలో ఉండాది. ఈళ్ళు ఒగ మాటంటే సాలు, నేను ఇంటికి పోవాల్సిందే."

"నీకూ పక్షవాతం వచ్చిందేంటి తమ్ముడూ? నోరు పడిపోయిందా?"

అతను గేటు తీసుకుని వెళ్ళిపోయాడు. అతని భయం నాకు అర్థం కాకపోలేదు. అర్థమైనంత మాత్రాన క్షమించాలని ఎక్కడా లేదు. ఈ రోజుకీ క్షమించలేదు.

నా పెట్టె సర్దుకుంటుంటే మామా పక్కనే నిలబడింది, ఏమైనా ఎత్తుకుపోతానేమోనని. ఆవకాయ సీసా ఆవిడ కంటపడింది. మూత తీసి వాసన చూసి, "ఇదా? ఇదా ఆయనకి పెట్టింది? ఉప్పు పెట్టి చంపాలని చూశావు," అని సింకులో ఒంపేసింది. మొత్తం ఎరుపు. ఆ ఇంట్లో ఆయన ఇష్టంగా తిన్నది అదొక్కటే అని చెప్పాలనుకున్నాను. చెబితే ఆ సీసా నా నెత్తిన పగలగొట్టేది. పెట్టె మూత వేసుకున్నాను.

మక్తబ్‌లో అదే గది, అదే గోడ. కొన్నాళ్ళకి ఇంకో ఇల్లు దొరికింది. ఈ ఇంట్లో ముసలివాళ్ళు లేరు, పిల్లలున్నారు, గిల్లరు. ఒకసారి ఆ మలయాళీ డ్రైవర్‌కి ఫోన్ చేశాను. బాబా బతికే ఉన్నాడు. గొట్టం వేశారు. గొట్టం పీకేసుకుంటున్నాడని కుడి చెయ్యి మంచానికి కట్టేశారట. చెయ్యి కూడా ఎప్పుడు పడిపోద్దో అని నేను రోజూ తిట్టిన చెయ్యి అది. బండి సంగతి అడిగాను. లావు టైర్ల వల్ల సరిగ్గా తిరగడం లేదని మనవడు విసుగుపడి షెడ్డులో పడేశాడట, అదే టార్పాలిన్ కింద. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు, కడుపు మండింది, ఆ మంట ఇంకా ఉంది.

మొన్న సెలవు రోజు అబ్బాసియాలో మా వైపు ఆడవాళ్ళుండే గదికి పోయాను. చేపల పులుసు వండుకున్నాం. తినేసి అందరం పడుకుని ఫోన్లు చూసుకుంటుంటే ఒక పిల్ల కిలకిల నవ్వింది. పాలకొల్లు పక్కన పల్లెటూరిది, కొత్తగా వచ్చింది. "అక్కా, ఇది చూత్తే చచ్చిపోతావు. ముసలోడికి ఈ వయసులో బండి కావాల్సొచ్చింది," అని ఫోన్ నా చేతిలో పెట్టింది. ఆ రోజు వాకిట్లో ఉన్న స్నేహితుల్లో ఎవడో తీసింది, ఎవరెవరి చేతులో దాటి ఇక్కడికి చేరింది. వెనక పాట పెట్టారు. తెల్ల గోడ ముందు బాబా ఎక్సలేటర్ తిప్పుతాడు, తల తిప్పుతాడు, నోరు తెరుస్తాడు, వంగుతాడు, పడతాడు. మళ్ళీ మొదటి నుంచి. గదిలో అందరూ లేచి వచ్చి నా భుజాల మీదుగా చూసి నవ్వారు.

"ఆయన పడ్డం కాదే అది. ఆకలేసి, అన్నానికి వంగాడు," అన్నాను.

ఆ పిల్ల ఫోన్ లాక్కుని మళ్ళీ పెట్టి, కళ్ళు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"అన్నం ఎక్కడుందక్కా? అక్కడ ఎవరూ లేరుగా."